శనివారం మధ్యాహ్నం పుట్టిన ఆట

మన బస్తీల్లో సాయంత్రం పూట ఒక మాట తప్పకుండా వినపడతాది. గుంటడు బ్యాటో బంతో పట్టుకుని గుమ్మం దాటితే చాలు, లోపల్నుంచి ఎవరో ఒకరు అంటారు, "ఆటలు అన్నం పెడతాయిరా?" అని. అమ్మ అంటాది, నాన్న అంటాడు, నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న బాబాయి కళ్ళు తెరవకుండానే అంటాడు. ఈ మాట మీద ఈ నెల నాలుగు ముక్కలు రాద్దామనుకున్నాను. అవుననో కాదనో ఒక్క మాటలో తేలేది కాదు. దీనికోసం 1888 సంవత్సరం దాకా వెళ్ళి రావాలి.

ఆ ఏడాదే ఎందుకంటారా? అప్పుడు విక్టోరియా రాణి రాజ్యం. ఆ ఒక్క ఏడాదిలోనే ఇంగ్లండులో మిల్లు ఊళ్ళు కలిసి ఫుట్‌బాల్ లీగు పెట్టుకున్నాయి. సిమ్లా దగ్గర డగ్షాయిలో డ్యూరాండ్ కప్పు మొదలైంది. బొంబాయి పార్సీలు ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళి క్రికెట్ ఆడొచ్చేరు. మద్రాసులో ఇరవై ఏళ్ళ తెలుగు కుర్రాడొకడు మనవాళ్ళకి సొంత క్రికెట్ క్లబ్బు పెట్టేడు. మన బొయిపరిగుడ అప్పుడు జయపురం జమీందారీ కింద, విశాఖపట్నం జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడే కొరాపుట్ ఇటొచ్చింది. అంటే ఆ మద్రాసు కుర్రాడిదీ మన తాతముత్తాతలదీ ఒకే సర్కారు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు మిల్లు సంగతి.

ఇంగ్లండులో లాంకషైర్ అనే జిల్లా ఉంది. మనకి బట్టల పని అంటే సూరత్తు, భివండి, సోలాపూరు ఎలాగో, ఆ రోజుల్లో లోకమంతటికీ లాంకషైర్ అలాగ. బ్లాక్‌బర్న్, ప్రెస్టన్, బర్న్లీ, బోల్టన్, ఊరూరా పొగగొట్టాలే. ఆ మిల్లుల్లో మొదట్లో పని గంటలకి లెక్కే లేదు. పొద్దు పొడవక ముందు లోపలికి, పొద్దు గుంకేక బయటికి. కూలోళ్ళు దశాబ్దాల తరబడి కొట్లాడేక 1847లో పది గంటల చట్టం వచ్చింది. 1850లో ఇంకో చట్టం వచ్చింది. బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళూ, చిన్న వయసువాళ్ళూ శనివారం మధ్యాహ్నం 2 గంటల తర్వాత పని చేయకూడదన్నారు. 1874లో దాన్ని 1 గంటకి తెచ్చేరు.

చట్టం ఆడవాళ్ళకీ పిల్లలకీ మాత్రమే. మరి మగవాళ్ళకి సెలవెలా వచ్చింది? మిల్లులో పని చేసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కండె మార్చే చెయ్యి, తెగిన దారం అతికే చెయ్యి లేకపోతే యంత్రం నడవదు. ఆడవాళ్ళు, పిల్లలు బయటికెళ్ళిపోతే మగవాడు ఒక్కడూ ఏం నడుపుతాడు? ఇంజను ఆపేసేరు. ఆడవాళ్ళ పేరు మీద వచ్చిన చట్టంతో ఊరంతటికీ శనివారం మధ్యాహ్నం దొరికింది.

ఆ దొరికిన పూటని ఏం చేసుకున్నారు? కొందరు సారాకొట్టుకి పోయేరు, అది ఎక్కడైనా ఉన్నదే. చాలామంది ఇంటికెళ్ళి నాలుగు ముద్దలు తిని, మూడు గంటలకి మైదానానికి పోయేరు. ఇప్పటికీ ఇంగ్లండులో ఫుట్‌బాల్ మ్యాచి అంటే శనివారం మధ్యాహ్నం 3 గంటలు అని ఆనవాయితీ. ఆ టైము ఏ పంతులూ ముహూర్తం చూసి పెట్టింది కాదు. మిల్లు సైరను పెట్టింది.

అప్పటికి ఫుట్‌బాల్ పెద్దింటి బిడ్డల ఆట. ఈటన్, హారో లాంటి గొప్పోళ్ళ బళ్ళలో ఆడుకుని, చదువైపోయేక కూడా ఆ బడి పేరుతో టీములు కట్టుకుని ఆడేవారు. 1871లో మొదలైన ఎఫ్.ఏ. కప్పు ఏటేటా ఇలాంటి టీముల చేతుల్లోనే ఉండేది. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే టీము లండను వచ్చింది. అందులో మగ్గం నేసేవాళ్ళున్నారు, నూలు వడికేవాడున్నాడు, కుళాయిలు బిగించే ప్లంబరున్నాడు, ఆ ప్లంబరే కెప్టెను. ఊళ్ళో ఇనుప ఫౌండ్రీ నడిపే ఆయన కొంత డబ్బిస్తే, కొన్నాళ్ళు సముద్రం ఒడ్డున బ్లాక్‌పూల్‌లో ఉండి సాధన చేసేరు. ఆ కాలానికి అది కొత్త. ఆట కోసం పని మానుకుని సాధనేమిటని పెద్దోళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు.

మార్చి 31న ఫైనలు. అవతల ఓల్డ్ ఈటోనియన్స్, అంతకు ముందేడు కప్పు గెలిచినవాళ్ళు. మొదటి గోలు వాళ్ళదే. తర్వాత ఒలింపిక్ వాళ్ళు సమం చేసేరు. టైమైపోయింది, అదనపు టైము ఆడించేరు. అప్పుడు జిమ్మీ కాస్ట్లీ అనే కుర్రాడు గోలు కొట్టేడు. 2–1. ఆ కాస్ట్లీ నూలు మిల్లులో వడికే పనివాడు. ఆ రోజు తర్వాత ఆ పెద్ద బళ్ళ టీములు మరెప్పుడూ ఆ కప్పు గెలవలేదు.

ఇక్కడ్నుంచి పేచీ మొదలైంది. పొరుగూరు ఆడ్డానికెళ్తే శనివారం పొద్దుటి పూట జీతం పోతాది. మేస్త్రీ మస్టరులో గైరుహాజరు వేస్తాడు. కాలు విరిగితే ఆ నెలంతా పస్తే. అందుకని క్లబ్బులు చాటుగా కూలి డబ్బులిచ్చేవి. గొప్పోళ్ళు గోల పెట్టేరు, "డబ్బు తీసుకుని ఆడితే ఆట మైలపడిపోతాది, ఆటని ఆట కోసమే ఆడాలి" అని. మాట వినడానికి బాగుంటాది. తాత ఇచ్చిన ఎస్టేటు ఉన్నవాడు అనొచ్చు. రోజు కూలి మీద బతికేవాడికి ఆ రూలు పెట్టడమంటే గేటుకి తాళం వేసి, రావద్దని మేమేమైనా అన్నామా అనడమే. చివరికి 1885లో డబ్బు తీసుకుని ఆడడానికి అసోసియేషను ఒప్పుకుంది.

ఇప్పుడు 1888కి వచ్చేం. ఆటగాళ్ళకి వారం వారం జీతమివ్వాలంటే వారం వారం మ్యాచి ఉండాలి. అప్పట్లో మ్యాచిలకి నమ్మకం లేదు. వస్తామన్న టీము వచ్చేది కాదు. టిక్కెట్టు కొన్న జనం తిట్టుకుంటూ ఇళ్ళకెళ్ళేవారు. బర్మింగ్‌హామ్‌లో విలియం మెక్‌గ్రెగర్ అని స్కాట్లండు మనిషి, బట్టల కొట్టు యజమాని. ఆస్టన్ విల్లా క్లబ్బు పెద్దల్లో ఒకడు. మార్చి 2న ఆయన కొన్ని క్లబ్బులకి ఉత్తరం రాసేడు. పది పన్నెండు క్లబ్బులం కలుద్దాం, ఎవరు ఎవరితో ఏ రోజు ఆడతారో ముందే రాసుకుందాం, ప్రతి టీమూ మిగతా ప్రతి టీముతో ఒకసారి తన ఊళ్ళో, ఒకసారి వాళ్ళ ఊళ్ళో ఆడాలి, ఇదీ ఆయన ఉద్దేశం. ఏప్రిల్ 17న మాంచెస్టరులో లీగు ఏర్పడింది. 12 క్లబ్బులు. అందులో 6 లాంకషైర్‌వే. లండను నుంచి ఒక్కటీ లేదు.

సెప్టెంబరు 8న ఆటలు మొదలయ్యేయి. తమాషా ఏమిటంటే, గెలిస్తే ఎన్ని పాయింట్లు, సమమైతే ఎన్ని అనేది తేల్చుకోకుండానే మొదలెట్టేరు. నవంబరులో కూర్చుని, గెలుపుకి 2, సమానికి 1 అనుకున్నారు. ఈ రోజు మన ఇళ్ళలో ఫోన్లలో చూసే ఐపీఎల్ అయినా, కబడ్డీ లీగయినా, పాయింట్ల పట్టిక, మన ఊళ్ళో ఒకటి వాళ్ళ ఊళ్ళో ఒకటి అనే పద్ధతి, అన్నిటికీ మూలం ఆ బట్టల కొట్టాయన ఉత్తరంలో ఉంది.

ఆ మొదటి లీగు ప్రెస్టన్ గెలిచింది. 22 మ్యాచిల్లో 18 గెలుపులు, 4 సమానాలు, ఓటమి లేదు. 1889 మార్చిలో ఎఫ్.ఏ. కప్పు కూడా గెలిచేరు, కప్పు మొత్తంలో ఒక్క గోలు కూడా ఎవరి చేతా వేయించుకోలేదు.

ఇంతవరకూ సంబరమే. పడుగు చూసేం, పేక కూడా చూడాలి. కాస్ట్లీ ఆడిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్‌ని ఆ 12లో చేర్చుకోలేదు. అదే ఊరి రోవర్స్ క్లబ్బుని చేర్చుకున్నారు, వాళ్ళ వెనక డబ్బుంది. జీతాలివ్వలేక 1889లో ఒలింపిక్ క్లబ్బు మూతపడింది. గొప్పోళ్ళ చేతిలోంచి కప్పు లాక్కొచ్చిన కూలోళ్ళ టీము ఆరేళ్ళకే లేకుండా పోయింది. ఇంకోటి వినండి. ప్రెస్టన్‌ని అంత ఎత్తుకి తెచ్చినవాడు మేజర్ సడెల్. నూలు మిల్లు మేనేజరు. 1895లో ఆయన లెక్కలు బయటపడ్డాయి. మిల్లు డబ్బు 5 వేల పౌండ్లకి పైగా వాడేసేడని మూడేళ్ళు జైలు పడింది. అందులో చాలావరకు క్లబ్బుకే పోసేడంటారు. ఓడిపోని టీము వెనక కూడా ఒక ఖాతా పుస్తకం ఉంటాది, దాన్ని ఎవరో ఒకరు చూడాలి.

ఇప్పుడు మన దేశం. 1888లో మొదలైన డ్యూరాండ్ కప్పు తెల్ల సిపాయిల పలటాల కోసం పెట్టింది, పెట్టింది సర్ మార్టిమర్ డ్యూరాండ్ అనే పెద్ద అధికారి, మొదటి కప్పు రాయల్ స్కాట్స్ ఫ్యుజిలియర్స్ అనే పలటంది. మనవాళ్ళు గెలవడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. పార్సీలు 1886లో ఒకసారి, 1888లో రెండోసారి ఇంగ్లండు వెళ్ళేరు. రెండోసారి మెహెల్లాషా పావ్రీ అనే బౌలరు ఆ పర్యటన మొత్తంలో 170 వికెట్లు తీసేడు.

మద్రాసులో చేపాక్ మైదానం తెల్లోళ్ళ మద్రాస్ క్రికెట్ క్లబ్బుది. 1846లో పెట్టేరు. మనవాళ్ళు వెళ్ళి చూడాలంటే చెట్ల కిందే. పెవిలియన్ మెట్లెక్కనిచ్చేవారు కాదు. మోతవరపు వెంకట మహిపతి నాయుడని, జనం బుచ్చిబాబు అనేవారు, 1868లో పుట్టేడు. తెలుగింటి బిడ్డ, తాతగారు పెద్ద వర్తక కంపెనీకి దుబాసీ, ఇంట్లో కలిమికి లోటు లేదు. ఆయన కావాలంటే తెల్లదొరల వెనక కుర్చీ వేసుకుని కూర్చుని బతికేసుండొచ్చు. అలా చేయలేదు. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బు పెట్టేడు. ఎస్‌ప్లనేడ్ దగ్గర స్థలం చూసుకుని, కుర్రాళ్ళని పోగేసి, బ్యాట్లూ బట్టలూ తన డబ్బుతో కొనిచ్చి ఆట నేర్పించేడు. పెవిలియన్ మెట్లెక్కనివ్వకపోతే, మనకో మైదానం మనమే చూసుకుందామన్నాడు. తెల్లోళ్ళకీ మనవాళ్ళకీ ఏటేటా మ్యాచి జరగాలని పట్టుబట్టి ఒప్పించేడు. 1908లో ఆ మ్యాచి జరిగే నాటికి ఆయన కాలం చేసేడు. ఈ రోజుకీ చెన్నైలో బుచ్చిబాబు పేరు మీద టోర్నమెంటు ఆడతారు. ఆయన కొడుకుల్లో ఒకడు, దత్తు వెళ్ళిన కోట రామస్వామి, 1922లో దేశం తరపున డేవిస్ కప్పులో టెన్నిసు, 1936లో టెస్టు క్రికెట్టు, రెండూ ఆడేడు.

తెల్లోడు మనల్ని చెట్టు కింద నిలబెట్టేడని చెప్పుకున్నప్పుడు ఇంకో మాట కూడా చెప్పుకోవాలి, లేకపోతే అది నిజం కాదు. ఆ 1890ల్లోనే పూణెలో పాల్వంకర్ బాలూ అనే బౌలరుండేవాడు. దళితుడు. మైదానంలో పిచ్చి ఊడ్చి, నెట్టు కట్టే పని చేస్తూ, దొరలకి బంతులేసి ఆరితేరేడు. టీములో చేర్చుకున్నారు గానీ, టీ టైములో మనవాళ్ళే ఆయనకి పెవిలియన్ బయట వేరే కప్పులో టీ ఇచ్చేవారు. ఆయన వేసిన బంతి అందరూ ముట్టుకునేవారు, ఆయన తాగిన కప్పు ముట్టుకునేవారు కాదు. 1911లో ఇంగ్లండు వెళ్ళి 114 వికెట్లు తీసొచ్చేడు. మెట్లు కట్టడం తెల్లోడు ఒక్కడే నేర్చుకోలేదు.

మరి అదే 1888లో మన మిల్లు కూలీ ఏం చేస్తున్నాడు? మద్రాసు పెరంబూరులో బకింగ్‌హామ్ మిల్లు 1876 నుంచీ ఉంది. నాగపూర్‌లో జంషెడ్జీ టాటా ఎంప్రెస్ మిల్లు 1877 నుంచీ ఉంది. బొంబాయిలో అయితే చెప్పక్కర్లేదు. మగ్గాలు లాంకషైర్‌వే, ఇంజన్లు అక్కడివే, మేనేజర్లు చాలామంది అక్కడివాళ్ళే. అన్నీ ఓడల మీద తెచ్చేరు. శనివారం మధ్యాహ్నం ఒక్కటే తేలేదు. 1881 ఫ్యాక్టరీల చట్టంలో పిల్లలకి నెలకి నాలుగు సెలవులన్నారు, పెద్దవాళ్ళ ఊసే లేదు. ప్రెస్టన్ ఓటమి లేకుండా లీగు గెలిచిన ఆ ఏడాది బొంబాయి మిల్లు కూలీకి వారానికో సెలవు రోజని లేదు. నారాయణ మేఘాజీ లోఖండే అనే మనిషి 1884లో మిల్లు కూలీల సంఘం పెట్టి, అర్జీల మీద అర్జీలు రాయించి, సభల మీద సభలు పెట్టి కొట్లాడితే, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకి ఒప్పుకున్నారు. 1891 చట్టంలో వారం సెలవు అందరికీ రాసేరు. మన మిల్లు ఊళ్ళలో ఆ నాటికి బ్లాక్‌బర్న్ లాంటి టీము లేకపోయిందంటే కాళ్ళలో సత్తువ లేక కాదు. రోజు లేక.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. 1887లో వింబుల్డన్ టెన్నిసులో ఆడవాళ్ళ పోటీ లాటీ డాడ్ అనే అమ్మాయి గెలిచింది. వయసు 15. 1888లో మళ్ళీ గెలిచింది. తండ్రి లివర్‌పూల్‌లో దూది వ్యాపారి. ఆ దూదినే వడికే లాంకషైర్ మిల్లుల్లో పదేళ్ళ పిల్లలు ఒక పూట బడి, ఒక పూట పని చేసేవారు. అదే 1888 జులైలో లండనులో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లలు 1,400 మంది దాకా జరిమానాల మీద తిరగబడి పని ఆపేసి బయటికొచ్చేరు, గెలిచేరు కూడా. దూది ఒకటే. ఒక అమ్మాయికి రాకెట్టు దొరికింది, ఇంకో అమ్మాయికి కండె దొరికింది. తేడా పుట్టుకతో వచ్చిన తెలివిలో లేదు.

మన దగ్గరకొస్తే, వీరఘట్టం కుర్రాడు కోడి రామమూర్తి నాయుడు అదే కాలంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామం చదివి, విజయనగరంలో డ్రిల్లు మాస్టరీ చేసి, తర్వాత గొలుసులు తెంచి, ఏనుగుని గుండెల మీద నిలబెట్టి లోకం చుట్టేడు. చివరి రోజులు మన ఒడిశాలోనే, బలంగీర్ వైపు గడిపేడు. ఎంప్రెస్ మిల్లు ఉన్న నాగపూర్‌లో 1895లో తెలుగింట పుట్టిన సి.కె. నాయుడు 1932లో మన దేశానికి మొదటి టెస్టు కెప్టెనయ్యేడు. మన కాలానికొస్తే, జాజ్‌పూర్ జిల్లా నేతగాళ్ళ ఇంటి బిడ్డ ద్యుతీ చంద్ 2018 ఆసియా క్రీడల్లో 100 మీటర్లకీ, 200 మీటర్లకీ రెండు వెండి పతకాలు తెచ్చింది. మగ్గం ఉన్న ఇంట్లోంచే వచ్చింది.

ఇదంతా చదివి, మన గుంటలందరూ కెప్టెన్లయిపోతారని నేననను. వందలో తొంభై తొమ్మిది మందికి ఆటలు అన్నం పెట్టవు. ఒప్పుకోవాలి. ఆ లెక్కన పండగలూ అన్నం పెట్టవు, పెళ్ళిలో మేళమూ పెట్టదు. పన్నెండు గంటలు మర మగ్గం దగ్గర నిలబడి, చెవులు దిబ్బడేసి వచ్చిన మనిషికి, వారానికో పూట తన కాళ్ళు తన మాట వినాలి కదా. ఆ పూట ఎవరూ దానం చెయ్యలేదు. అక్కడా కొట్లాడే తెచ్చుకున్నారు, ఇక్కడా కొట్లాడే తెచ్చుకున్నారు. 1948 చట్టంలో వారానికి 48 గంటలు, ఒక రోజు సెలవు అని రాయించుకున్నాం. మర మగ్గాల షెడ్లలో మన పిల్లలు ఎంతమంది ఆ సెలవు రోజు కూడా డబ్బులొస్తాయని లోపలే ఉండిపోతున్నారో ప్రతి ఇంటికీ తెలుసు. డబ్బు అవసరం, కాదనను. కానీ వదులుకున్న రోజు మళ్ళీ అడిగితే ఇవ్వరు.

పెద్దవాళ్ళకి నాలుగు పనులు చెప్తాను, వీలైతే చెయ్యండి.

ఒకటి, బస్తీలో పిల్లలాడుకునే జాగా ఎంతుంటే అంత, దాన్ని ఎవరి ఇసక లోడుకీ, ఎవరి ఆటో నిలపడానికీ ఇవ్వొద్దు. ఒకసారి పోయిందంటే తిరిగి రాదు.

రెండు, మన గుంటలు టోర్నమెంటు పెడితే, మెక్‌గ్రెగర్ చేసినట్టు ఏ రోజు ఎవరెవరో ముందే ఒక కాగితం మీద రాసి గోడకి అంటించమనండి. రాసుంటే తగువులు తగ్గుతాయి. గుప్తేశ్వరం దారిలో ఉన్న ఊళ్ళ పిల్లలు కూడా ఒక రోజు ముందే తెలిస్తే వస్తారు.

మూడు, చందాలు వసూలు చేస్తే లెక్క అందరి ముందూ చదవాలి. సడెల్ కథ చెప్పింది అందుకే. కప్పు గెలిచేక లెక్కడిగితే బాగోదని ఊరుకుంటారు, అక్కడే చెడతాది.

నాలుగు, ఆడపిల్లలకీ ఆ జాగాలో ఒక గంట ఇవ్వండి. "చీకటి పడతాది, ఎవరైనా ఏమైనా అంటారు" అని భయముంటే, మనలాంటి పని మానేసిన ముసలివాళ్ళం ఉన్నాం కదా, గట్టు మీద కూర్చుంటాం. మాకూ ఓ పని. పిల్లల్లో ఎవరికి ఏ కప్పులో మంచినీళ్ళిస్తున్నారో కూడా అక్కడ్నుంచి బాగా కనపడతాది.

మీ బస్తీలో జాగా ఎలా ఉంది, పిల్లలేం ఆడుతున్నారు, ఒక కార్డు ముక్క రాసి పత్రికకి పంపండి. వచ్చే నెల వాటిలో కొన్నిటి గురించి మాట్లాడుకుందాం.